కామేశ్వరమ్మగారి ఫాల్టు పుస్తకం

సాయినాథ్‌కు కంప్యూటర్లను నడిపించే లినక్స్ కొత్త కాదు. పద్నాలుగేళ్ళుగా అన్నం పెడుతున్నదే అది. న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సర్వర్లన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. అందుకే మంగళవారం సాయంత్రం భార్య నిరుపమ, "అమ్మ కంప్యూటర్లకి వైఫై కనబడటం లేదట. రేపు లీవు పెట్టి వెళ్ళకూడదూ?" అని అడిగితే, "దానికి లీవెందుకు, అరగంట పని" అన్నాడు. ఆ అరగంట మాట ఎందుకన్నానురా దేవుడా అని మర్నాడు పదింటికల్లా అనుకున్నాడు గానీ, మనం అక్కడికి మెల్లగా వెళ్దాం.

అమ్మ కంప్యూటర్లంటే అతని అత్తగారు కామేశ్వరమ్మగారివి. ఆవిడ కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు టెస్ట్ డెస్క్ మీద కూర్చున్న మనిషి. ఊళ్ళో ఎవరి ఫోను మూగపోయినా ఆ ఫిర్యాదు ఆవిడ బల్ల మీదికే వచ్చేది. కూర్చున్నచోటి నుంచి కదలకుండానే ఫాల్టు ఎక్స్ఛేంజిలో ఉందో, వీధి స్తంభం మీద ఉందో, ఇంట్లో ఉందో తేల్చి లైన్‌మన్‌ను పంపేవారు. రిటైరై కూతురి దగ్గరికి వచ్చాక ఆర్నెల్లు ఊరికే కూర్చుని విసుగెత్తి, లైబ్రరీలో చెప్పే కంప్యూటర్ క్లాసులో చేరారు. అక్కడే లినక్స్ అంటుకుంది. ఏదో ఆఫీసు పారేయబోతున్న ఆరు డెస్క్‌టాప్‌లు తెచ్చుకుని, మూతలు విప్పి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపి, పాడైన మెమరీ ముక్కలు తీసి మంచివి వేసి, బరువు మోయలేని ఆ ముసలి యంత్రాలకు తగిన పాత లినక్స్ వెతికి ఎక్కించారు. అరవై ఏడేళ్ళ మనిషి, ఎవరూ అడగని పని, ఒక్కతే చేసింది.

ఆ ఆరూ ఇప్పుడు మౌంట్ ఆల్బర్ట్ పేటలో కమ్యూనిటీ హాలు వెనక గదిలో ఉన్నాయి. ప్రతి బుధవారం మధ్యాహ్నం పదిహేనుమంది పెద్దవాళ్ళు వచ్చి, డాక్టరు అపాయింట్‌మెంటో, బస్సు కార్డో, ఊళ్ళో మనవాళ్ళతో మాటామంతీయో చూసుకుని వెళ్తారు. ఇళ్ళల్లో పిల్లల్ని బతిమాలుకోనక్కర్లేకుండా తమ పని తాము చేసుకోగలిగేది వాళ్ళకు ఆ రెండు గంటలే.

ఆ రెండు గంటలకే ఇప్పుడు ముప్పు వచ్చింది. హాలుకు కొత్త రౌటర్ పెట్టి మూడు వారాలైంది. అప్పటి నుంచి ఆరు కంప్యూటర్లలో ఒక్కదానికీ హాలు వైఫై కనబడటం లేదు. రెండు బుధవారాలు పెద్దవాళ్ళు వచ్చి, టీ తాగి, ఖాళీ తెరలు చూసి వెళ్ళిపోయారు. గది కావాలని వ్యాయామం క్లాసు వాళ్ళు ఎప్పటి నుంచో అడుగుతున్నారు. హాలు మేనేజరు మిసెస్ హార్పర్ మంచిదే గానీ ఖచ్చితమైన మనిషి. బుధవారం పదకొండింటికి వస్తాను, ఆరూ మా వైఫై మీద పనిచేస్తే ఏడాదంతా గది మీదే, లేకపోతే శుక్రవారానికి ఖాళీ చేయండి అని చెప్పేసింది. ఖాళీ చేస్తే ఆ ఆరింటికీ వేరే చోటు లేదు, పాత సామాన్ల డిపోకే పోవాలి.

బుధవారం తొమ్మిదిన్నరకు, సన్నగా వాన పడుతుండగా, సాయినాథ్ ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని హాల్లోకి వచ్చాడు. అత్తగారు అప్పటికే ఆరూ ఆన్ చేసి, పొడుగాటి రూళ్ళ పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని గీతలు గీస్తున్నారు. పక్కన మేరమ్మ ఉంది. మేరమ్మది చీరాల. కొడుకు ఇక్కడ నర్సు. బుధవారం ఒంటిగంటకు ఆవిడ మూడో నంబరు కంప్యూటరు ముందు కూర్చుంటే, అక్కడ ఉదయం ఆరున్నరకు ఆవిడ అక్క కూర్చుంటుంది. ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకుంటారు. రెండు వారాలుగా అది లేదు. పొద్దున్నే ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని వచ్చిందంటే ఊరికే రాలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కామేశ్వరమ్మగారు ఊరందరితో మాట్లాడే ఉద్యోగం చేసినావిడే అయినా, అల్లుడితో నేరుగా మాట్లాడరు. వాళ్ళమ్మ తన అల్లుడితో మాట్లాడలేదు, ఆవిడా మాట్లాడరు. కోపం కాదు, మర్యాద. చెప్పదలచుకున్నది కూతురికి చెబుతారు, అల్లుడు వింటాడు. కూతురు లేకపోతే కాఫీ గ్లాసుకు చెబుతారు. ఈ పూట మేరమ్మ దొరికింది.

"మేరమ్మగారూ, అల్లుడుగారు వచ్చారు. కుర్చీ వేయండి."

"ఏందండీ, పక్కనేగా ఉన్నాడు, మీరే చెప్పొచ్చుగా" అంటూనే మేరమ్మ కుర్చీ లాగింది. "కూర్చో బాబూ. నా ప్రార్థన నీ చేతుల్లోనే ఉంది."

సాయినాథ్ కూర్చుని మొదటి కంప్యూటర్లో వైఫై గుర్తు నొక్కాడు. రోడ్డవతల డెయిరీ వాడి నెట్‌వర్క్ కనబడింది, డెయిరీ అంటే ఇక్కడ సందు మొగలోని చిల్లర కొట్టు. పక్కనున్న పళ్ళ డాక్టరుదీ, వెనక ఇళ్ళవాళ్ళవి నాలుగూ కనబడ్డాయి. తామున్న హాలుది మాత్రం లేదు. తన ఫోనులో చూస్తే అదే అన్నిటికన్నా పైన, నిండుగా ఉంది. డ్రైవర్ పాడై ఉంటుందన్నాడు. వైఫైని నడిపించే ఆ చిన్న ప్రోగ్రాముని తీసి మళ్ళీ పెట్టాడు, రేడియో ఆపి మళ్ళీ వెలిగించాడు, యంత్రం మూసి తెరిచాడు. డెయిరీ వాడు మళ్ళీ పలికాడు. హాలు పలకలేదు.

రెండో దానికి వెళ్ళాడు, తర్వాత మూడోదానికి. అక్కడా ఇదే వరస. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, సాయినాథ్ లక్ష సర్వర్లు చూసినవాడే, వైఫై బాగుచేయడం మాత్రం ఇదే మొదటిసారి. సర్వర్లకు వైర్లుంటాయి. ఆ ముక్క ఒప్పుకోవడానికి నోరు రాక, టకటకా ఏదో ఒకటి కొడుతూనే ఉన్నాడు.

"మేరమ్మగారూ," అన్నారు కామేశ్వరమ్మగారు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "ఆరింటికీ ఒక్కరోజే ఒకే జబ్బు వచ్చింది. అల్లుడుగారికి తెలియదని కాదు. మా డెస్క్ మీదయితే, ఒక వీధి మొత్తం ఒకేసారి మూగపోతే ఇళ్ళల్లోకి వెళ్ళి ఫోన్లు విప్పేవాళ్ళం కాదు."

అల్లుడికి కాస్త మండింది. కుర్చీలో వెనక్కి వాలి ఆ పుస్తకం వైపు చూశాడు. ఏమైంది, ఎప్పటి నుంచి, ఏం చూశాం, ఎక్కడ, ఏం చేశాం, బాగుపడిన టైము అని ఆరు గడులు.

"ఎవరి తప్పో రాయడానికి గడి లేదేంటి అత్తయ్యగారూ?" అని వెక్కిరింపుగా అడిగాడు.

"మా టెస్ట్ డెస్క్ డాకెట్‌లో, అదే ఫిర్యాదు చీటీలో, ఆ గడి ఉండదని చెప్పండి మేరమ్మగారూ. ఆ గడి ఉంటే లైన్‌మన్ నిజం చెప్పడు. నిజం చెప్పకపోతే ఫాల్టు దొరకదు. ఎక్కడ అన్నది చాలు."

మేరమ్మ ఆ మాట పొల్లుపోకుండా అప్పజెప్పింది, మూడడుగుల దూరంలో ఉన్నవాడికి.

తర్వాత కామేశ్వరమ్మగారు లేచి, మొదటి కంప్యూటరు వెనక గుచ్చి ఉన్న, వైఫై అందుకునే వేలెడంత డాంగిల్ పీకారు. అల్లుడుగారి ల్యాప్‌టాప్ ఒక్క నిమిషం ఇస్తారేమో కనుక్కోమన్నారు. సాయినాథ్ ల్యాప్‌టాప్‌లోనూ లినక్సే. దాని సొంత వైఫై ఆపించి, ఈ డాంగిల్ దానికి గుచ్చారు. హాలు నెట్‌వర్క్ వెంటనే కనబడింది.

సాయినాథ్ నిటారుగా కూర్చున్నాడు. డాంగిల్ మంచిదే, దాన్ని నడిపించే ప్రోగ్రామూ మంచిదే. గాలిలో సిగ్నలుకూ లోటు లేదు. తీగని సగం దగ్గర విడదీసి ఏ సగం బతికి ఉందో చూడటమన్నమాట, ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడ చేసిందదే. తను నలభై నిమిషాలు తవ్విన సగంలో అసలు ఫాల్టే లేదు. ఆవిడకు పట్టింది పది సెకన్లు. మండటం పోయి, మనసులో మొదటిసారి అబ్బా అనుకున్నాడు.

అనుకున్నాడే గానీ బుద్ధి అంత తొందరగా వస్తుందా? "అయితే లినక్సే చెడింది. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించేస్తాను" అన్నాడు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. అప్పటికే పదీ పదిహేను. పదకొండింటికి ఆరూ అయ్యే దారి లేదని లెక్క వేసుకోగానే ఇంకోటి తోచింది. "పోనీ, నా ఫోను హాట్‌స్పాట్ పెట్టేద్దామా? మిసెస్ హార్పర్‌కేం తెలుస్తుంది."

"మేరమ్మగారూ, ఆ ఫోను అల్లుడుగారి జేబులో ఇంటికి వెళ్ళిపోతుంది కదా. వచ్చే బుధవారం మీరేం చేస్తారు?"

మేరమ్మ ఈసారి అప్పజెప్పలేదు. టీ పోసి అతని చేతికిచ్చింది. అతను ఫోను తిరిగి జేబులో పెట్టేసి తాగాడు.

కామేశ్వరమ్మగారు ల్యాప్‌టాప్‌ను మొదటి కంప్యూటరు పక్కకు జరుపుకున్నారు. రెండింటినీ ఒకే ప్రశ్న అడగడం, రెండు జవాబులూ పక్కపక్కన రాయడం మొదలుపెట్టారు. రెండు చూపుడు వేళ్ళతో, పాత టైపు మిషను కొట్టినట్టు, ఒక్కో అక్షరం గట్టిగా నొక్కుతున్నారు. ఆ ఆదేశాల్లో కొన్ని సాయినాథ్‌కే తెలియవు. తొందరలేదు, తడబాటు లేదు. గోడ మీద గడియారం పదీ ఇరవై, పదీ ఇరవై ఐదు అంటుంటే అతనికి కాలు నిలవడం లేదు గానీ ఆవిడ పెన్ను మాత్రం ఒకే వేగంతో నడుస్తోంది. ఈ మనిషి ఎదురుగా పదకొండేళ్ళుగా భోంచేస్తున్నాను, ఈవిడ పని చేస్తుంటే ఒక్కసారైనా కూర్చుని చూశానా అని అతనికి అనిపించింది. అనిపించి సిగ్గేసింది.

పదీ ముప్పై ఐదుకు ఆ పెన్ను ఆగింది.

ఆవిడ తెర కింద మూలకు చూశారు. అల్లుడి వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పేసుకున్నారు. పుస్తకంలో రెండు మాటలు రాసి పెన్నుకు మూత పెట్టారు. ఆ మాటలేమిటో మేరమ్మకు చెప్పలేదు, కాఫీ గ్లాసుకూ చెప్పలేదు.

"మేరమ్మగారూ, కప్పులు కడిగి తెద్దాం రండి."

"ఇప్పుడా? గంట పదకొండు కావస్తా ఉంది."

"ఇప్పుడే రండి."

వెళ్తూ వెళ్తూ ఆవిడ పుస్తకాన్ని తెరిచి ఉన్నట్టే తీసి, కొత్త లినక్స్ ఉన్న అల్లుడి పెన్‌డ్రైవు మీద పెట్టి వెళ్ళారు. ఒక యంత్రమైనా తుడిచి ఎక్కిద్దామని పెన్‌డ్రైవు కోసం చెయ్యి చాపిన సాయినాథ్‌కు పుస్తకం ఎత్తక తప్పలేదు. ఎత్తాక చదవకా తప్పలేదు.

హాలు వైఫై నూట పదహారో చానెల్ మీద ఉంది, అని ఉంది గుండ్రటి అక్షరాలతో. ల్యాప్‌టాప్ నూరు నుంచి నూట నలభై దాకా వింటోంది. డెస్క్‌టాప్ ఆ చానెళ్ళు అసలు వినడం లేదు. ల్యాప్‌టాప్ చెప్పిన దేశం న్యూజిలాండ్. డెస్క్‌టాప్ చెప్పిన దేశం ఇండియా. ఎక్కడ అన్న గడిలో రెండే మాటలు: గడియారం దగ్గర.

సాయినాథ్ చూపు తెర మూలకు పోయింది. అక్కడ టైము తెల్లవారుజాము నాలుగూ ఎనిమిది.

మార్చి నెలలో ఈ ఆరింటికీ లినక్స్ ఎక్కించినప్పుడు పనంతా అత్తగారిదే. సాయినాథ్ చివర్లో వచ్చి ఒకే ఒక్క పని చేశాడు. మీరు ఏ ఊళ్ళో ఉన్నారు అని యంత్రం అడిగే చోట, పెద్దవాళ్ళంతా మాకు ఇండియా టైము పెట్టు బాబూ, ఫోను చేయాలంటే వేళ్ళు లెక్కపెట్టలేక చస్తున్నాం అంటే, దర్జాగా ఆరింటిలోనూ కోల్‌కతా నొక్కాడు. ఇక్కడి మన ఇళ్ళల్లో వంటింట్లో ఇండియా టైముకు రెండో గడియారం ఉండదూ, అలాగే. అందరూ చప్పట్లు కొట్టారు. అల్లుడుగారి ఆలోచన బాగుందని అత్తగారు టీ కెటిల్‌తో అన్నారు కూడా.

ఆ పాత లినక్స్‌కు ఒక అలవాటుంది. గడియారం ఏ ఊరిదో చూసి, తను ఆ దేశంలోనే ఉన్నాననుకుంటుంది. ఏ దేశంలో ఏ రేడియో చానెళ్ళు వాడుకోవచ్చో దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. దాని పాత పట్టికలో ఇండియాకు నూరు నుంచి నూట నలభై దాకా లేవు. ఇన్నాళ్ళూ హాలు పాత రౌటర్ వేరే చానెల్ మీద ఉండబట్టి నడిచింది. కొత్తది నూట పదహారు మీదికి ఎక్కింది. పాపం ఆ ఆరు యంత్రాలూ చెడిపోలేదు, ఎక్కడో కోల్‌కతాలో ఉన్నామనుకుని బుద్ధిగా అక్కడి రూలు పాటిస్తున్నాయి.

అతని చెవులు వేడెక్కాయి. తప్పు తనది. దాన్ని కనిపెట్టిన మనిషి అది తనదని తెలిసి, గదిలోంచి మేరమ్మను కూడా తీసుకుని వెళ్ళిపోయింది. చడీచప్పుడు లేకుండా సరిచేసుకో, ఎవరికీ తెలియదు అని దారి ఇచ్చి వెళ్ళింది. తన ఆరు కంప్యూటర్లూ డిపోకు పోవడానికి ఇరవై నిమిషాలుంటే, అందులో ఐదు నిమిషాలు అల్లుడి పరువుకు ఖర్చుపెట్టింది. సాయినాథ్‌కు కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని పనిలోకి దిగాడు.

గడియారం మార్చడం ఒక్క నిమిషం పని. కానీ మేరమ్మ గుర్తొచ్చింది. గడియారం ఇండియాలోనే ఉంచి, రేడియోకు మాత్రం మనం న్యూజిలాండ్‌లో ఉన్నామని విడిగా ఒక ఫైల్లో రాశాడు, యంత్రం మూసి తెరిచినా మరిచిపోకుండా. మొదటి కంప్యూటరు తెర మీద డెయిరీ, పళ్ళ డాక్టరు, వెనక ఇళ్ళు, అన్నిటి పైన హాలు పేరు. రెండోదాంట్లో వచ్చింది. మూడోదాంట్లో వచ్చింది. ఆరోదాని దగ్గర ఉండగా కప్పులతో వాళ్ళిద్దరూ తిరిగొచ్చారు. పది గంటల యాభై రెండు.

"వచ్చిందా బాబూ?" అంది మేరమ్మ.

"వచ్చింది. మీ ఇండియా టైము కూడా అలాగే ఉంది."

"దేవునికి స్తోత్రం" అని మేరమ్మ మూడో నంబరు కుర్చీలో కూలబడింది. కామేశ్వరమ్మగారు కప్పులు బోర్లించి, తడిచేయి చీరకొంగుకు తుడుచుకుని, ఒక్కో తెర దగ్గరా ఆగి ఆరూ చూశారు.

మిసెస్ హార్పర్ మూడు నిమిషాల ముందే వచ్చింది. తడిసిన గొడుగు తలుపు దగ్గర పెట్టి, ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని, తనే ఏదో పేజీ తెరిచి చూసింది. ఆరూ పలికాయి. కానీ ఆవిడ ముఖం పూర్తిగా విప్పారలేదు.

"పనిచేస్తున్నాయి, సంతోషం. కానీ మూడు వారాలు ఎందుకు చేయలేదు? మళ్ళీ ఇలా కాదని నాకు నమ్మకమేమిటి?" అని ఇంగ్లీషులో అడిగింది. "మా కొత్త రౌటర్ లోపమా?"

"కాదు. మీ రౌటర్ మంచిదే. చిన్న ఫాల్టు. దొరికింది, తీసేశాం" అన్నారు కామేశ్వరమ్మగారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పేలా లేరు. మిసెస్ హార్పర్ గొడుగు వైపు చూసింది. గది మళ్ళీ చేజారేలా ఉంది.

సాయినాథ్ లేచి నిలబడ్డాడు. "నేను చేసిన పొరపాటు," అన్నాడు. "కంప్యూటర్లకు దేశం తప్పు చెప్పాను. ఈ పొద్దున గంటసేపు వెతికినా నాకు దొరకలేదు. ఈవిడకు దొరికింది." పుస్తకం తీసి, గడి గడీ ఇంగ్లీషులో చదివి వినిపించాడు. ఏమైంది, ఎప్పటి నుంచి, ఏం చూశారు, ఎక్కడ. చదువుతుంటే అతని గొంతులో గర్వం అతనికే వినబడింది. "మళ్ళీ ఏదైనా ఆగితే ఎక్కడ మొదలుపెట్టాలో ఇందులో ఉంటుంది. నాలాంటివాడికి కూడా అర్థమవుతుంది."

మిసెస్ హార్పర్ పుస్తకం చేతిలోకి తీసుకుంది. తెలుగు రాకపోయినా, తిన్నగా గీసిన గీతలూ, వేసిన టైములూ ఆవిడకు అర్థమయ్యాయి. వెనక పేజీలు తిప్పింది. మార్చి నుంచి ప్రతి బుధవారానికీ ఒక పేజీ ఉంది.

"పద్దెనిమిదేళ్ళుగా ఈ హాలు చూస్తున్నాను," అంది. "గది వాడుకున్నవాళ్ళెవరూ ఇలాంటిది రాసిపెట్టలేదు. ఏడాదంతా మీదే. ఈ పుస్తకం మాత్రం గదిలోంచి కదలకూడదు." గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

మేరమ్మ అప్పుడే ఫోనులో ఎవరికో కబురు చెబుతోంది. సాయినాథ్ బల్ల దగ్గర కూర్చుని, పెన్ను మూత తీసి మిగిలిన గడులు నింపాడు. ఏం చేశాం అన్నచోట, రేడియోకు దేశం సరిచేశాం అని రాశాడు. బాగుపడిన టైము పదీ యాభై రెండు. ఇంకా మనసు ఊరుకోక, గీతల అవతల ఖాళీ జాగాలో కొత్తగా ఒక గడి గీసి, పైన ఎవరు అని రాసి, కింద తన పేరు రాసుకున్నాడు.

కామేశ్వరమ్మగారు వెనక నుంచి వచ్చి చూశారు. మేరమ్మ వైపు తిరగలేదు. చేతిలో టీ కప్పు ఉంది, దాని వైపూ చూడలేదు.

"బాబూ, ఆ పేరు కొట్టెయ్యండి" అన్నారు.

పదకొండేళ్ళ అల్లుడరికంలో ఆవిడ అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. సాయినాథ్ కొట్టేశాడు.